క్యాసెట్ రెండో పక్క

తొంభై మూడు ఎండకాలం గురించి ఎవరన్న అడిగితే నేను ఎండ గురించే చెప్త. ఆ ఏడు ఒమాన్‌ల, బహ్లాల, పొద్దున ఎనిమిదింటికి తొక్కిపెట్టిన మట్టి పదింటికి పెంకు కట్టేది. మళ్ళ నీళ్ళు పోసి మళ్ళ తొక్కుడు. వినేటోళ్ళకు అది సరిపోతది. అంతకు మించి ఎవరూ అడుగలే.

మే నెల చివరి శుక్రవారం శాంతమ్మ జబ్రీన్ కోటకు వచ్చింది. ఒక్కతే కాదు, సారుతోటి, మేడమ్‌తోటి. శాంతమ్మ నా పెండ్లాం. కడప దిక్కు మనిషి. మస్కట్‌ల ఫ్రెంచోళ్ళ ఇంట్ల వంటపని, ఇంటిపని చూసుకుంట ఆ ఇంటి వెనుక చిన్న అర్రలనే ఉండేది. నాది మెట్‌పల్లి దిక్కు. బహ్లాల పాత కోట గోడలు బాగుచేసే కంపెనీల మట్టిపని. మస్కట్‌ల దార్సైట్ గుడి కాడ ఎరుకైనం, పెండ్లయి రెండేండ్లయింది. రెండేండ్ల సంసారం అంటే నెలకొక్క శుక్రవారం. నన్ను మస్కట్ పక్కన ఘాలా గోదాంకు మారుస్తమని ఫోర్‌మన్ మాటిచ్చిండు. సెప్టెంబర్ ఒకటి నుంచి దార్సైట్‌ల ఒక అర్ర మాట్లాడిపెట్టిన. అప్పటిసంది ఇద్దరం ఒక్క కప్పు కింద ఉండాలె. ఆ ఎండకాలం నాకున్న ఆలోచన అదొక్కటే.

సారుకూ మేడమ్‌కూ కోటలంటే పిచ్చి. శుక్రవారం వస్తే బండి తీసి నిజ్వా అనో, బహ్లా అనో, జబ్రీన్ అనో బయలుదేరేటోళ్ళు. అన్నం డబ్బాలు మోయనీకి శాంతమ్మ. వాళ్ళు జబ్రీన్ వస్తున్నరని తెలిస్తే నేను ఎవలదన్న బండి ఎక్కి పోయేటోన్ని. ఆ రోజు సారు లోపల కప్పు మీది రంగుల పూలను ఫొటోలు తీస్తుంటే, మేమిద్దరం మేడమీద ఒక ఖాళీ అర్రల నిలబడ్డం.

"ఈ అర్ర ఎవురిదో తెల్సా?" అన్నది శాంతమ్మ. "గుర్రానిదంట. సారు చెప్పినాడు. రాజు తన గుర్రాన్ని పైకి తెచ్చుకోని కట్టేసుకుంటాండెనంట. గుర్రానికి సూడు మేడమీద అర్ర. మనకి ఇంగా దిక్కులేదు."

"సెప్టెంబర్ ఒకటి అని చెప్పిన కద."

"సెప్పినావులే." కిటికీ దిక్కు తిరిగింది. "మేడమ్ వాళ్ళమ్మకి ఒంట్లో బాగలేదంట. ఎండాకాలమంతా వాళ్ళ ఊర్లో ఉంటారంట. నన్ను గూడా రమ్మంటాండారు."

"ఫ్రాన్సుకా?"

"యాడికైతే ఏమి. చిన్న పల్లెంట. సుట్టుపక్కల అన్నీ కోటలేనంట."

"ఈడ చూసిన కోటలు చాలలేదా వాళ్ళకు?"

"కోటలు సూడను పిలుస్తాండారా నన్ను? ముసలామె ఒళ్ళు కడగను. మూడు నెల్లు. ఆగస్టు ఆఖర్న వాళ్ళతోనే వచ్చేస్తా."

"నేను వద్దంటే ఆగుతవా?"

"అను, సూస్తాం."

నేను అనలే. కింద మేడమ్ పిలిచింది. డబ్బాల సంచి ఎత్తుకొని మెట్లు దిగింది.

జూన్ మొదటి వారంల పోయిండ్రు.

మా రూమ్‌ల ఎనిమిదిమందిమి. అంజిది జగిత్యాల కాడి ఊరు, నోటికి అడ్డూ అదుపూ లేదు. టేప్‌రికార్డర్ రూమంతటికీ ఒక్కటే, అది అంజిది. అందుకని ఒక రివాజు పడ్డది. ఉత్తరం వస్తే ఎవనిది వాడు చదువుకునుడు. క్యాసెట్ వస్తే అందరం కూచొని వినుడు. విన్నంక అదే క్యాసెట్ మీద జవాబు చెప్పి తిప్పి పంపుడు. పాత మాట మీద కొత్త మాట. ఒక్క క్యాసెట్ అటూ ఇటూ ఏండ్లకేండ్లు తిరిగేది. ఎవడూ దాచుకోలే. దాచుకోవాలన్న ఆలోచన కూడ రాలే.

జులై నడుమల కంపెనీ డ్రైవర్ బాబు మియా మస్కట్ నుంచి సామాను తెస్తూ ఒక పొట్లం తెచ్చిండు. శాంతమ్మ సారు ఆఫీసు అడ్రస్ మీద పంపింది, ఆఫీసోళ్ళు మియా చేతికిచ్చిండ్రు. శుక్రవారం, పగటి తిండి అయినంక, కూలర్ ముందట అందరం చేరినం. బాబు మియా కూడ కూచున్నడు. అంజి బటన్ ఒత్తిండు.

"ఏమయ్యా, బాగుండావా? నేను బాగుండా. ఇది మేడమ్ వాళ్ళ పాటల క్యాసెట్టు. సెరుపుకోని మాట్లాడుకోమని ఆమే ఇచ్చినాది. ఈ ఊరు సూస్తే నీకి నవ్వొస్తాది. నలభై ఇండ్లుంటాయేమో. అన్నీ రాతి ఇండ్లే. కిటికీలకి చెక్క తలుపులు. మధ్యాన్నమైతే అవన్నీ మూసేసుకుంటారు. ఇంగ మనిషి కనపడడు. కుక్క గూడా అరవదు. మొదటి రోజు ఊర్లో ఎవురో సచ్చిపోయినారేమో అనుకుంటి."

"మంచి ఊరే," అన్నడు అంజి. "మా ఫోర్‌మన్‌ను పంపాలె ఆడికి."

"నువ్వు ఆగురా," అన్నడు బాబు మియా.

"పొద్దన్నే రొట్టెల బండి వస్తాది. చర్చి ముందర నిలబడి హారన్ కొడతాది. అప్పుడు ఒక్కొక్కరే ముసలోళ్ళు బయటికొస్తారు. నేనూ సంచి తీసుకోని నిలబడతా. మొదట్లో నన్ను సూస్తానే మాట్లాడేది ఆపేస్తాండ్రి. ఇప్పుడు బోంజూర్ అంటారు. నేను గూడా అంటా. ఏం మాటో ఏమో, నమస్కారమేలే.

"ఆదివారమైతే కోట. ఒగటి గాదు, దగ్గిర్లోనే మూడుండాయి. ముసలామెని కారులో కూచోబెట్టుకోని పోతాం. రాతి మెట్లు గుండ్రంగా తిరుక్కుంటా పైకి పోతాయి. ముసలామె ఎక్కలేదు. కింద బెంచీ మీద కూచోని నన్ను పోయి సూసి రమ్మంటాది. నేను సూసొచ్చి సైగలతో సెప్తా. ఆమె నవ్వుతాది. నేను సెప్పేది తప్పో రైటో ఆమెకి తెలుసు, సిన్నప్పటినుంచి సూసిన కోటలే గదా. ఐనా అడగతాది.

"రాజు మంచం సూసినా. పొట్టిది. వాళ్ళు పండుకోని నిద్రపోరంట. దిండ్లకి ఆనుకోని కూచోనే నిద్రపోతారంట. పండుకుంటే శవం మాదిరి ఉంటామని భయమంట. వంటింట్లో పొయ్యి ఉండాది సూడు, మనిద్దరం దాంట్లోనే కాపురం పెట్టొచ్చు."

రూమంత నవ్విండ్రు. అంజి టేప్ ఆపిండు.

"గంగన్నా, దార్సైట్ అర్ర ఎందుకే ఇగ? పొయ్యిల పండుకోండ్రి."

"ముందు పెట్టురా."

"ఆగు. నాకొక్కటి అర్థం కాలే. కోట అంటే దొర గడే కద? మా తాత గడిల వెట్టి చేసి చేసి నడుం వంగిపోయిండు. వీళ్ళు టికెట్ కొని లోపలికి పోతరా?"

"మనం కట్టనీకి పోతలేమా," అన్నడు బాబు మియా. "పెట్టు."

అంజి పెట్టిండు. శాంతమ్మ ఆ కోట కిటికీల నుంచి కనపడే ఏరు గురించి చెప్పింది. తొమ్మిదింటిదాకా పొద్దు ఉంటదని చెప్పింది. ముసలామె ఈమె చెయ్యి పట్టుకుంటె తప్ప నిద్రపోదని చెప్పింది. "నాకి ఈడ ఎట్లుండాదో నాకే తెలీదయ్యా. బాగుండాది. నిమ్మళంగుండాది. అయితే…" అన్నది. వెనుక నుంచి ఎవరో పిలిచినట్టు వినబడ్డది. "పిలుస్తాండారు. పోతా." టక్కుమన్నది. తర్వాత ఒక ఆడమనిషి ఫ్రెంచి పాట నడుమల నుంచి మొదలైంది.

"అయిపోయింది," అన్నడు అంజి. బిరబిర ముందుకు తిప్పి చూసిండు, ఆ పక్క చివరిదాకా పాటలే. క్యాసెట్ తిప్పి రెండో పక్క పెట్టిండు. మొదట్నే మొగాయన పాట. "ఇటు పక్క గూడ మేడమ్ పాటలే."

నేను కూడ విన్న. పాటే.

బాబు మియా తెల్లారి పొద్దున మస్కట్ పోతడు. జవాబు ఇప్పుడే చెప్పి ఇయ్యాలె. ఆమె మాటలున్న పక్క చెరప బుద్ధి కాలే. ఎట్లాగూ తిప్పి పంపేదే, అయినా బుద్ధి కాలే. పాటలున్న పక్క పెట్టమన్న.

అంజి ఎర్ర బటన్ ఒత్తి నా మూతి ముందట పెట్టిండు. ఎనిమిదిమంది మొహాలు నన్నే చూస్తున్నయి. పెండ్లాంతోటి మాట్లాడుడు ఎట్లనో వాళ్ళకు నేర్పుతున్నట్టు అయింది నా పని.

"శాంతా, మేమందరం మంచిగున్నం," అన్న. "కూలర్ మంచిగ నడుస్తుంది. గోడపని నడుస్తుంది. ఉత్తరం దిక్కు బురుజు సగం లేసింది."

"ఏందే, ఇంజనీర్‌కు రిపోర్టా?" అంజి గుసగుస పెట్టిండు. అందరూ నవ్విండ్రు. ఆ నవ్వు కూడ క్యాసెట్ల పడ్డది. "పెండ్లాం లేక బక్కచిక్కిండని చెప్పు. రమ్మని ఏడ్వు."

నాకు రోషం వచ్చింది. ఏడ్సెటోడు ఎవడు?

"నాకేం తక్కువ లేదు," అన్న గట్టిగ. "నువ్వు లేవని నేనేం ఎదురుచూస్తలేను. ముసలామెను మంచిగ చూసుకో. కోటలన్ని చూడు. తొందర పడకు. ఉండాలనిపిస్తే ఇంకిన్ని దినాలు ఉండు. నా గురించి ఫికర్ చెయ్యకు."

"షాబాష్," అన్నడు అంజి.

తర్వాత ఒక్కొక్కరు వదినా అనో చెల్లే అనో పలకరించిండ్రు. అంజి ఆ ఊర్ల తనకొక ముసలామెను చూడమన్నడు, ఎంత ముసలిదైనా ఫరవాలేదన్నడు. బాబు మియా దువా చేసిండు. టేప్ దానంతట అదే టక్కున ఆగేదాక మాట్లాడినం. అరగంట పక్క, పూర్తిగ నిండింది.

ఆగస్టు మొదటి వారంల సారు ఆఫీసు నుంచి కబురు వచ్చింది, శుక్రవారం పదకొండింటికి శాంతమ్మ ఖమరుద్దీన్ దుకాణంకు ఫోన్ చేస్తదని. ఖమరుద్దీన్‌ది బంగ్లాదేశ్‌ల చిట్టగాంగు. బహ్లాల మా క్యాంపుకు దగ్గర కిరాణం. ఫోను గల్లా పెట్టె మీదనే ఉంటది. శుక్రవారం ఆ టైంకు దుకాణంల కాలు పెట్ట సందు ఉండదు. అంజి తోడొచ్చిండు, వద్దన్నా వచ్చిండు.

ఫోన్ మోగింది. ఖమరుద్దీన్ నాకిచ్చిండు.

"నేనయ్యా."

"చెప్పు. మంచిగున్నవా?"

"ఉండా. నీ క్యాసెట్టు వచ్చినాది." "నేను రెండో పక్క సెప్పింది విన్న్యావా?"

రెండో పక్క పాటలు కద అని నోటిదాక వచ్చింది. అప్పుడు సమజైంది. ఆమె మొదటి పక్క నడుమల ఆపింది. తర్వాత ఎప్పుడో ఖాళీ దొరికినప్పుడు క్యాసెట్ తిప్పి, మొదటికి చుట్టకుంటనే, ఉన్న కాడి నుంచి మాట్లాడింది. ముందట రెండు మూడు పాటలు, ఆ వెనుక ఆమె మాట. మేము మొదటి పాట విని ఆపినం. దాని మీద అరగంట నవ్వులు నింపి పంపినం.

అంజి నా భుజం మీద నుంచి చెవి పెట్టిండు. ఖమరుద్దీన్ పప్పు జోకుతూ చూస్తున్నడు. నీ మాట వినకుంటనే చెరిపేసిన అని చెప్పాలె. అంతమంది నడుమ, ఫోన్ల, పెండ్లాంతోటి.

"విన్న," అన్న.

"అంతా?"

"అంత విన్న."

"అయితే, నువ్వు సెప్పింది ఆ మాటకేనా?"

ఏం మాటో నాకు తెల్వదు. ఊర్ల మా అత్త గురించో, తెచ్చే సామాను గురించో అనుకున్న. ఇంకో మూడు వారాలు పోతే మనిషే వస్తది, అప్పుడు నిమ్మళంగ అడుగుత, నవ్వుకుంటం అనుకున్న.

"దానికే," అన్న.

నేను హలో అన్న.

"ఉండా," అన్నది. "సరేలేయ్యా. టైముకి తిను."

పెట్టేసింది.

"ఏమంటది?" అన్నడు అంజి.

"టైముకు తినమన్నది."

"గంతేనా? అంత దూరం నుంచి ఫోన్ చేసి?"

ఆగస్టు ఇరవై ఎనిమిదిన పగటి విమానం. లీవు పెట్టి ముందు రోజే మస్కట్ పోయిన. దార్సైట్ అర్ర తాళంచెవి తీసుకొని, ఊడ్చి, గోడలు కడిగిన. గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు, ఒక చాప కొన్న. చాప పరిచి చూసిన. అర్ధం అర్ర అయిపోయింది దాంతోనే. మెట్ల కింది అర్ర అది, వంగి నడవాలె. పొద్దున లేచి ఇస్త్రీ అంగీ తొడుక్కున్న. బాబు మియా పికప్ తెచ్చిండు. సీబ్ ఎయిర్‌పోర్ట్‌ల కటకటాల కాడ నిలబడ్డం.

సారు బయటికొచ్చిండు. వెనుక మేడమ్. సామాను బండి మేడమే తోసుకుంట వస్తుంది. ఆమె వెనుక ఒక ఒమానీ కుటుంబం, ఆ వెనుక కేరళ నర్సులు. నేను తలుపు దిక్కే చూస్తున్న. సారు నన్ను చూసి ఆగిండు. నేను అక్కడ ఎందుకున్ననో ఆయనకు అర్థం కాలే, మొహంల కనబడ్డది. మేడమ్ ఏదో అన్నది. సారు ఇంగ్లీషుల మాట్లాడిండు. బాబు మియాకు సాహెబుల ఇంగ్లీష్ వస్తది.

"ఏమంటుండు?"

మియా సారుతోటి ఇంకో రెండు మాటలు మాట్లాడిండు. తర్వాత నా దిక్కు తిరిగిండు.

"ముసలామె వాళ్ళు శాంతమ్మను రెండేండ్లు ఉంచుకుంటమన్నరంట. అక్కడి కాయితాలు చేయిస్తమన్నరంట. ఆమె నా మొగుణ్ణి అడగాలె అన్నదంట. నీకు క్యాసెట్ల చెప్పిందంట. నాకు రావాలనే ఉంది, నువ్వు ఒక్క మాట రా అను, వాళ్ళతోటే వచ్చేస్త, రా అనకుంటే సంతకం పెడుత అని. నువ్వు ఉండుమన్నవంట. ఫోన్ల మళ్ళ అడిగితే గూడ అదే అన్నవంట. నీకు తెలుసు కద అంటుండు సారు."

సారు నా మొహం దిక్కు చూస్తున్నడు. మేడమ్ కూడ.

"తెలుసు అని చెప్పు," అన్న.

"గంగన్నా…"

"తెలుసు అని చెప్పు మియా. సామాను కోసం వచ్చిన అని చెప్పు."

మియా చెప్పిండు. మేడమ్ నా చెయ్యి పట్టుకొని ఊపింది. మంచి మనిషి అన్నట్టుంది. నేను వాళ్ళ పెట్టెలు మోసి వాళ్ళ బండిల పెట్టిన. నాలుగు పెట్టెలు, బరువున్నయి.

పికప్‌ల కూచున్నంక మియా బండి స్టార్ట్ చెయ్యలే.

"ఆ పక్క పాటలే ఉండె కద?" అన్నడు. "నేను గూడ విన్న కద?"

"పాటలే ఉండె."

"ఇప్పుడన్న ఫోన్ చెయ్. సారును నంబర్ అడుగుత."

"సంతకం అయిపోయింది కద."

"అయితే ఏమాయె?"

ఫోన్ చేస్తే, అడిగినప్పుడు అబద్ధం చెప్పిన అని చెప్పాలె, ఎందుకు చెప్పినవంటే దుకాణంల మంది ఉండిరి అని చెప్పాలె. అది చెప్పే మొహం నాకు ఆ రోజు లేదు. తెల్లారి కూడ లేకపాయె. తర్వాత దినాలు గడిచినకొద్దీ చెప్పుడు ఇంకా కష్టమైంది. తాళంచెవి ఇచ్చేసిన. పొయ్యి ఖమరుద్దీన్ కొనుక్కున్నడు. ఎండ సెప్టెంబర్ చివరకు తగ్గింది. ఉత్తరం బురుజు పూర్తయింది. ఫొటో తీసిండ్రు, అండ్ల నేను లేను.

శాంతమ్మ ఇంకో క్యాసెట్ పంపలే. నేనూ పంపలే. రెండేండ్లు పోయి నాలుగైనయి. ముసలామె పోయినంక అదే ఊర్ల ఇంకో ఇంట్ల పనికి కుదిరిందని సారు ఒకసారి చెప్పిండు. మరుసటి ఏడు సారు వాళ్ళూ మస్కట్ ఇడిసి పోయిండ్రు.

తొంభై ఏడుల నన్నూ అంజినీ ఘాలాకు మార్చిండ్రు, నేను అడిగిన నాలుగేండ్లకు. ఆ చలికాలం శాంతమ్మ తమ్ముడు కొత్తగ ఒమాన్ వచ్చి నన్ను వెతుక్కుంట ఘాలా క్యాంపుకు వచ్చిండు. శుక్రవారం పొద్దున. అక్క పంపిన విడాకుల కాయితం చేతిల ఉంది. ఇసొంటివి ఊర్లయితే పెద్దమనుషుల ముందట జరగాలె. ఇక్కడ రూమోళ్ళే పెద్దమనుషులు. అంజి, బాబు మియా, ఇంకో ఇద్దరు మంచాల మీద కూచున్నరు. పిలగాడు మర్యాదగలోడు. చాయ తాగినంకనే మాట ఎత్తిండు.

"బావా, మా యక్కని నువ్వే రావద్దన్న్యావంట. నిజమేనా? ఆయమ్మి అబద్ధం సెప్పదు, అయినా నీ నోట వినల్లని వచ్చినా."

బాబు మియా గొంతు సవరించుకున్నడు. "బేటా, అసలు ఆ క్యాసెట్ సంగతి ఏందంటే…"

"నువ్వూకో మియా," అన్న.

"ఏం క్యాసెట్టు?" అన్నడు పిలగాడు.

అందరూ నా దిక్కు చూస్తుండ్రు.

"ఏం లేదు," అన్న. "నిజమే. నేనే వద్దన్న."

అంజి లేచి బయటికి పోయిండు. పిలగాడు కాయితం విప్పి మంచం మీద పెట్టిండు. ఎక్కడ పెట్టాలె అని అడిగితే వేలు పెట్టి చూపిచ్చిండు. సంతకం పెట్టిన. తేదీ కూడ వెయ్యమన్నడు, వేసిన.